పాత ట్యూబ్ గిటార్ యాంప్: ఏ గోల వెనక ఏ లోపం

పాత ట్యూబ్ యాంప్ మొరాయిస్తే చాలామంది ముందు ట్యూబులు మార్చేస్తారు. నాలుగు రోజులు బాగానే మోగుతుంది, ఐదో రోజు మళ్లీ అదే గోల. ఒక్కోసారి కొత్త ట్యూబు కూడా పోతుంది. 1950లు, 60ల నాటి యాంపుల్లో ఎక్కువగా పాడయ్యేవి ట్యూబుల చుట్టూ ఉన్న కెపాసిటర్లు, రెసిస్టర్లే. లోపం ఏ దశలో ఉందో చెవితో, మీటరుతో తేల్చుకున్నాకే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టండి. వీటి సర్క్యూట్ చిన్నది, ప్రతి దశా కంటికి విడివిడిగా కనిపిస్తుంది. ఓపికుంటే తప్పకుండా దొరుకుతుంది.

విప్పే ముందు

ఛాసీ, అంటే సర్క్యూట్ బిగించిన లోహపు పెట్టె, లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకినా అది ఫిల్టర్ కెపాసిటర్లలో, అంటే పవర్ సప్లై డీసీని నునుపు చేసే పెద్ద కెపాసిటర్లలో, నిలవుండిపోతుంది. ప్రాణం తీయడానికి అది చాలు. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు తీగలు కట్టుకుని, ఒక కొస ఛాసీకి బిగించి, రెండో కొస ప్రతి ఫిల్టర్ కెపాసిటర్ ప్లస్ కాలికి కొన్ని సెకన్లు ఆనించండి. మీటరు ఐదారు వోల్టుల కిందికి దిగిందని చూశాకే చెయ్యి పెట్టండి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే మీటరు నల్ల తీగని ముందే ఛాసీకి బిగించి, ఒక్క చేత్తోనే కొలవండి. రెండో చెయ్యి జేబులో ఉండాలి.

స్పీకరు తగిలించకుండా ట్యూబ్ యాంప్‌ని ఎప్పుడూ వాయించకండి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. పాత యాంప్‌లో అన్నిటికంటే కాపాడుకోవాల్సిన భాగం అదే.

సమస్య: గిటారు పట్టుకుని మైకు దగ్గరికెళ్తే పెదవికి జివ్వుమంటోంది

దీన్ని రేపటికి వాయిదా వేయకండి. రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చిన పాత అమెరికన్ యాంపుల్లో మెయిన్స్ తీగకీ ఛాసీకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. రిపేరు చేసేవాళ్లు దాన్ని డెత్ క్యాప్ అంటారు. అది షార్టయితే మెయిన్స్ కరెంటు ఛాసీలోంచి నేరుగా మీ గిటారు తీగల మీదికి వస్తుంది.

పరిష్కారం: ఆ కెపాసిటర్‌ని కత్తిరించి తీసేయండి. మూడు తీగల మెయిన్స్ కార్డు వేయండి. ఎర్త్ తీగకి ఛాసీ మీద విడిగా ఒక బోల్టు ఇవ్వండి, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుకి కలపొద్దు. ఫేజ్ తీగ ముందు ఫ్యూజుకి, అక్కణ్నుంచి స్విచ్చుకి వెళ్లాలి. పాతదనం పోతుందని కొందరు ఈ మార్పు చేయనివ్వరు. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

సమస్య: ఆన్ చేయగానే ఫ్యూజు పోతోంది

పెద్ద ఫ్యూజు వేసి చూడటం అన్నిటికంటే చెడ్డ పని. బదులుగా మెయిన్స్ దారిలో సిరీస్‌గా 60 లేదా 100 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే పర్వాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది.

ఇక విడదీయడమే. స్పీకరుని నడిపే పెద్ద ఔట్‌పుట్ ట్యూబులు, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ట్యూబు తీసేయండి. అయినా బల్బు నిండుగా వెలిగితే పవర్ ట్రాన్స్‌ఫార్మర్, ట్యూబుల ఫిలమెంట్లకి వెళ్లే హీటర్ వైరింగ్, లేదా పైన చెప్పిన డెత్ క్యాప్. బల్బు మందగిస్తే రెక్టిఫయర్‌ని ఒక్కదాన్నే తిరిగి పెట్టండి. అప్పుడు వెలిగితే ఆ రెక్టిఫయర్ గానీ ఫిల్టర్ కెపాసిటర్లు గానీ. అప్పటికీ బాగుంటే ఔట్‌పుట్ ట్యూబులు, బయాస్ (వాటి కరెంటుని హద్దులో ఉంచే వోల్టేజ్) చూడాలి. లోడు లేనప్పుడు హై వోల్టేజ్ మామూలు కంటే పైకి లేస్తుంది కాబట్టి ఈ పరీక్ష కొన్ని సెకన్లలో ముగించండి.

సమస్య: గుయ్‌మని ఆగని హమ్

వాల్యూమ్ సున్నాకి తిప్పండి. హమ్ తగ్గిపోతే లోపం ప్రీయాంప్, అంటే గిటారు సిగ్నల్‌ని మొదట పెంచే చిన్న ట్యూబుల వైపు. ఏమీ మారకపోతే వాల్యూమ్ తర్వాతి దశల్లో గానీ పవర్ సప్లైలో గానీ. ఇప్పుడు ఫేజ్ ఇన్వర్టర్ ట్యూబు, అంటే ఔట్‌పుట్ ట్యూబులకి పక్కనున్న చిన్న ట్యూబు తీయండి. హమ్ ఆగితే ఆ దశలో గానీ అంతకు ముందు దశల్లో గానీ వెతకాలి. ఆగకపోతే ముందు అనుమానించాల్సింది మొదటి ఫిల్టర్ కెపాసిటర్లని, లేదా రెండూ ఒకే కరెంటు లాగని ఔట్‌పుట్ ట్యూబులని.

హమ్ శ్రుతి కూడా గుర్తే. 50 హెర్ట్జ్ మెయిన్స్ ఉన్నచోట ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లు 100 హెర్ట్జ్ దగ్గర, కాస్త కరుగ్గా మోగుతాయి. హీటర్ వైరింగ్ వల్ల వచ్చే హమ్ ఎక్కువగా 50 దగ్గర, ఇంకా లోతుగా, మెత్తగా ఉంటుంది.

పరిష్కారం: ఇరవై ఏళ్లు దాటిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లని (ఫిల్టర్ కెపాసిటర్లు ఈ రకమే) బాగున్నట్టు కనిపించినా మార్చేయండి. వోల్టేజ్ రేటింగ్ పాతదానికి తగ్గకూడదు. మైక్రోఫారడ్‌లు మాత్రం ఇష్టమొచ్చినట్టు పెంచకండి. 5వై3 రెక్టిఫయర్‌తో నడిచే ఫెండర్ 5ఈ3 డీలక్స్‌లో ఉన్నవి 16 మైక్రోఫారడ్‌లవి. అక్కడ 100 వేస్తే ఆన్ చేసిన ప్రతిసారీ రెక్టిఫయర్ మీద దెబ్బ పడుతుంది. ఔట్‌పుట్ ట్యూబులకి విడిగా మైనస్ వోల్టేజ్ ఇచ్చే ఫిక్స్‌డ్ బయాస్ సర్క్యూట్‌లోని కెపాసిటర్ దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది: అక్కడ వోల్టేజ్ మైనస్, కాబట్టి ప్లస్ కాలు ఛాసీ వైపు ఉండాలి. అలవాటు కొద్దీ తిప్పి పెట్టేసేది ఇక్కడే.

సమస్య: ఔట్‌పుట్ ట్యూబు లోపలి ప్లేటు ఎర్రబడుతోంది

గది దీపాలు ఆర్పి చూడండి. ఫిలమెంట్ నారింజ వెలుగు ఉండాల్సిందే. దాని చుట్టూ బూడిదరంగులో ఉండే ప్లేటు మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే మాత్రం వెంటనే ఆపేయండి. ఆ ట్యూబు ఓర్చుకోగలిగినదానికి మించి కరెంటు లాగుతోంది.

ఇలాంటిదే ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. రెండు 6వీ6 ట్యూబుల 22 వాట్ల యాంప్. అప్పటికే మూడు జతల ట్యూబులు మార్చారట, ప్రతిసారీ కుడివైపుదే ఎర్రబడేది. ఎప్పుడూ ఒకే సాకెట్‌లో ఎర్రబడుతోందంటే తప్పు ట్యూబుది కాదని తేలినట్టే. ఔట్‌పుట్ ట్యూబులు తీసి, రెండు సాకెట్లలోనూ 5వ పిన్ను, అంటే ట్యూబులో కరెంటుని అదుపు చేసే గ్రిడ్ దగ్గర కొలిచాను (అక్కడ మైనస్ తగ్గితే కరెంటు పెరుగుతుంది). ఎడమవైపు మైనస్ 35 వోల్టులు. కుడివైపు మైనస్ 24. ఫేజ్ ఇన్వర్టర్ నుంచి ఆ గ్రిడ్‌కి వచ్చే 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్ (సిగ్నల్‌ని పంపి డీసీని ఆపాల్సినది) కాలు ఒకటి లేపి మళ్లీ కొలిస్తే అదీ మైనస్ 35కి దిగింది. కెపాసిటర్ డీసీని అటు కారనిస్తోంది. దాన్ని విడిగా ఓమ్స్‌లో కొలిస్తే బాగున్నట్టే చూపింది, ఎందుకంటే మీటరు పెట్టేది కొద్ది వోల్టులే. రెండొందల వోల్టులు పడితేనే అది కారుతుంది. కాబట్టి లీకేజీని ఎప్పుడూ సర్క్యూట్‌లోనే, కరెంటు ఉండగానే పట్టుకోవాలి.

రెండు గ్రిడ్‌లలోనూ మైనస్ తక్కువుంటే బయాస్ సప్లై చూడండి: దాని కెపాసిటర్, డయోడ్, పాత సెలీనియం రెక్టిఫయర్. 5ఈ3 లాంటి కాథోడ్ బయాస్ యాంపుల్లో, అంటే కాథోడ్ (ట్యూబులో ఎలక్ట్రాన్లు బయల్దేరే భాగం) దగ్గరి రెసిస్టర్‌తోనే బయాస్ వచ్చేవాటిలో, గ్రిడ్ దగ్గర సున్నా ఉండాలి. అక్కడ ప్లస్ కనిపిస్తే మళ్లీ కప్లింగ్ కెపాసిటరే.

లోపం సరిచేశాక బయాస్ కొలవండి. కాథోడ్‌కీ ఛాసీకీ మధ్య 1 ఓమ్ రెసిస్టర్ వేస్తే ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీయాంప్ అవుతుంది. ఫిక్స్‌డ్ బయాస్ క్లాస్ ఏబీ (ట్యూబులు చాలావరకు వంతులవారీగా పనిచేసే) యాంపుల్లో ట్యూబు వాటేజ్‌లో 70 శాతం దాటకండి. 6ఎల్6జీసీ ట్యూబు 30 వాట్లది, ప్లేటు మీద 450 వోల్టులుంటే 46 మిల్లీయాంప్‌లు పైహద్దు. ఈఎల్34 అయితే 25 వాట్ల లెక్క.

సమస్య: వాయించకపోయినా చిటపటలు

ఉల్లిపాయ వేగుతున్నట్టు వచ్చే ఈ చప్పుడు ఎక్కువసార్లు ప్రీయాంప్ ట్యూబుల ప్లేటుకి వెళ్లే 100 కిలో ఓమ్ కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లది. మొదటి దశ నుంచి ఒక్కో ట్యూబూ తీస్తూ పోండి. ఏది తీస్తే చప్పుడు ఆగిందో ఆ దశ దగ్గరో అంతకు ముందో లోపముంటుంది. కొత్తది మెటల్ ఫిల్మ్ వేయండి. చుట్టూ ఉన్నవన్నీ మార్చాల్సిన పని లేదు.

నాబ్ తిప్పినప్పుడే కరకరమంటే పాట్‌లో, అంటే నాబ్ వెనకున్న పొటెన్షియోమీటర్‌లో, క్లీనర్ కొట్టండి. కొట్టినా పోకపోతే పాట్ కాళ్ల మీద డీసీ ఉందేమో కొలవండి. ఉంటే దాని ముందున్న కెపాసిటర్ కారుతోంది. ట్యూబు కదిపితే చిటపటలొస్తే సాకెట్ పిన్నులు వదులయ్యాయి. కరెంటు తీసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, సన్నటి సూదితో బిగించండి. ఎండిన చెక్క పుల్లతో ట్యూబుని తాకితే స్పీకర్‌లో ఖంగున మోగితే ఆ ట్యూబు మైక్రోఫోనిక్ అయింది, అంటే కదలికని మైకులా శబ్దంగా మారుస్తోంది. అప్పుడు మాత్రం ట్యూబు మార్చాల్సిందే.

సమస్య: టప్ టప్ టప్‌మని పడవ ఇంజిన్‌లా కొట్టుకుంటోంది

ప్రీయాంప్ దశలకి విడిగా ఉన్న ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయింది. మార్చండి, ఆగిపోతుంది.

సమస్య: శబ్దం లేదు, లేదా పీలగా ఉంది

ముందు స్పీకరు తీగ, జాక్‌లు చూడండి. జాక్‌లోని షార్టింగ్ కాంటాక్టుకి తుప్పు పడితే యాంప్ మొత్తం పాడైనట్టే అనిపిస్తుంది. తర్వాత ప్లేటు వోల్టేజ్‌లు. 12ఏఎక్స్7 అనే ప్రీయాంప్ ట్యూబు ప్లేటు దగ్గర మామూలుగా 150 నుంచి 200 వోల్టులుంటాయి. ఏమీ లేకపోతే ప్లేటు రెసిస్టర్ తెగింది. సప్లై వోల్టేజ్ ఎంతుందో అంతా అక్కడే కనిపిస్తే ట్యూబులో కరెంటు పారడం లేదు, కాథోడ్ వైపు 1,500 ఓమ్‌ల రెసిస్టర్ చూడండి. వోల్టేజ్‌లన్నీ సరిగ్గా ఉండి మోత మాత్రం పీలగా ఉంటే కాథోడ్ దగ్గరి 25 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది.

ఔట్‌పుట్ ట్యూబులో ప్లేటు వోల్టేజ్ లేకుండా దాని లోపలుండే స్క్రీన్ గ్రిడ్ తీగ వెలుగుతుంటే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక వైపు తెగినట్టే. పవర్ తీసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, మధ్య తీగ నుంచి రెండు ప్లేట్లకీ ఓమ్స్ కొలవండి. రెండూ అచ్చంగా సమానంగా ఉండక్కర్లేదు, కానీ రెండూ కనిపించాలి.

పని అయ్యాక గంటసేపు వాయించి, బయాస్ మరోసారి కొలవండి. ఆ అంకెలు, తేదీ ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అంటించండి. తీసిన పాత భాగాల్ని చిన్న సంచీలో వేసి పక్కనే పెట్టండి. 137తో మొదలయ్యే కోడు ఉన్న పాట్, 606తో మొదలయ్యే కోడు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మార్చాల్సి వచ్చినా పారేయకండి. ఆ తర్వాతి అంకెల్లో అవి తయారైన ఏడాది, వారం ఉంటాయి.