ఆగిపోయే వైఫై, ఎవరూ పట్టించుకోని ఇంటరప్టు

మిర్యాలగూడలో మా బావ రైస్ మిల్లు. ధర్మకాంటా దగ్గరున్న పాత లినక్స్ కంప్యూటర్‌లో వైఫై ఉన్నట్టుండి పోయేది. బయట వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే ఎంత టెన్షనో! కెర్నల్ (లినక్స్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే అసలు భాగం) లాగ్‌లో "ఐఆర్‌క్యూ 17: నోబడీ కేర్డ్" అని ఉంది, అంటే 17వ నంబరు ఇంటరప్టు లైన్‌ను ఎవరూ పట్టించుకోలేదని. ఇంటరప్టు అంటే "నన్ను చూడు" అని వైఫై కార్డు లాంటి పరికరం ప్రాసెసర్‌కు పంపే సంకేతం. లక్ష ఇంటరప్టుల్లో 99,900కు పైగా ఏ డ్రైవరూ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) అందుకోకపోతే కెర్నల్ ఆ లైన్‌నే మూసేస్తుంది; దాంతో వైఫై ఆగిపోతుంది.

వైఫై డ్రైవర్ కోడ్ చూస్తే విషయం తెలిసింది. కార్డు రీసెట్ అయ్యేటప్పుడు హ్యాండ్లర్ (ఇంటరప్టును అందుకునే కోడ్) "నాది కాదు" అని తిరిగొచ్చేస్తోంది. కార్డేమో లైన్ వదలదు, ఇంటరప్టు వస్తూనే ఉంటుంది.

రీసెట్‌కు ముందే కార్డులో ఇంటరప్టులు మాస్క్ చేసి (రాకుండా ఆపి), నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగేలా మార్చాను. హ్యాండ్లర్ ఇప్పుడు ముందుగా స్టేటస్ రిజిస్టర్ (కార్డు తన స్థితిని అంకెల్లో చూపే చోటు) చదువుతుంది. సున్నా వస్తే మనది కాదు. అన్నీ ఒకట్లే వస్తే కార్డు పలకడం లేదన్నట్టు. ఇంకేదైనా వస్తే వెంటనే అక్నాలెడ్జ్ చేసి (అందిందని కార్డుకు చెప్పి), ప్యాకెట్ల పని థ్రెడ్‌కు (విడిగా నడిచే కోడ్‌కు) అప్పగిస్తుంది. ఆ లాగ్ మళ్లీ రాలేదు.