గాల్వెస్టన్ క్రూజ్: టికెట్ మీద పడే ఖర్చు ముందే లెక్కేసుకోండి

డాలస్, హ్యూస్టన్ తెలుగువాళ్లకు క్రూజ్ అంటే దగ్గరి రేవు గాల్వెస్టన్. కారులోనే వెళ్లొచ్చు, ఫ్లైట్ ఖర్చు లేదు. కానీ టికెట్ కట్టేశాం, తిండీ బసా అన్నీ అందులోనే అనుకుని ఎక్కితే చివరి రోజు బిల్లు చూసి గుండె ఝల్లుమంటుంది. భార్యాభర్తలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న, ఏడు రాత్రుల ప్రయాణం అనుకుని లెక్క వేద్దాం.

అన్నిటికంటే ముందు టిప్పులు. చాలా క్రూజ్ లైన్లలో (ఓడ కంపెనీల్లో) మామూలు క్యాబిన్‌కి తలకు రోజుకు 16 నుంచి 20 డాలర్లు ఓడలోని మీ ఖాతాలో వాటంతటవే పడతాయి. 18 అనుకుంటే నలుగురికి ఏడు రోజులకు 504. క్యాబిన్‌లో మూడో మనిషికి, నాలుగో మనిషికి టికెట్ ధర తగ్గుతుంది గానీ టిప్పు తగ్గదు. బుకింగ్‌తోపాటే కట్టేస్తే ఓడలో బిల్లు తేలికవుతుంది.

పార్కింగ్‌కి రాత్రులు కాదు, రోజులు లెక్క. ఏడు రాత్రులంటే ఎనిమిది రోజులు. రోజుకు 20 చొప్పున 160. డాలస్ నుంచి దాదాపు ఐదు గంటల దారి. హ్యూస్టన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ మీకోసం ఆగదు. ముందురోజు రాత్రే చేరుకోవడం మంచిది. కొన్ని హోటళ్లు గది, పార్కింగ్, రేవుకి షటిల్ కలిపి ఒకే ధరకి ఇస్తాయి, అడగండి.

డ్రింక్స్ ప్యాకేజీ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. రోజుకు 70 డాలర్లని కనిపిస్తుంది. 18 శాతం టిప్పు కలిస్తే 82.60. విడిగా 13 డాలర్ల గ్లాసు టిప్పుతో 15.34. అంటే రోజూ ఆరు గ్లాసులు తాగితేనే గిట్టుబాటు. రేవులో ఆగిన రోజు సగం పూట ఓడలోనే ఉండరు. పైగా ఒకరు కొంటే అదే క్యాబిన్‌లోని పెద్దవాళ్లంతా కొనాలనే నిబంధన చాలా లైన్లలో ఉంది. నాన్నగారికి సాయంత్రం ఒక గ్లాసు చాలు, అమ్మ ముట్టదు అంటే ఇద్దరికీ కలిపి వారానికి కట్టే 1,156 డాలర్లలో చాలావరకు వృథా. గ్లాసు లెక్కన కొనండి. మంచినీళ్లు, మామూలు కాఫీ, టీ బఫేలో ఉచితమే. శాకాహారం కావాలని బుకింగ్‌లోనే రాయించి, మొదటి రాత్రి డైనింగ్ హాల్లో మళ్లీ చెప్పండి. దానికి అదనంగా కట్టక్కర్లేదు. రైస్ కుక్కర్, కెటిల్ మాత్రం తీసుకెళ్లకండి, ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టేస్తారు.

గాల్వెస్టన్ దాటగానే ఫోన్లన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, ముఖ్యంగా అమ్మానాన్నలవి. ఓడకి సొంత సెల్ నెట్‌వర్క్ ఉంటుంది. సాధారణ అంతర్జాతీయ ప్లాన్ దానికి వర్తించకపోతే నిమిషాల్లో బిల్లు పెరుగుతుంది. వైఫై ఒక్క ఫోన్‌కి రోజుకు 25 చొప్పున 175 వేసుకోండి.

రేవుల్లో తిరగడానికి రెండు చోట్ల తలకు 70 చొప్పున 560. ఓడవాళ్లవి కాని బయటి టూర్లు చౌకే, కానీ ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. ఇక్కడ గడియారం మోసం చేస్తుంది. ఓడ ఆగే రోతాన్ (Roatán) దీవి ఉన్న హోండురస్‌లో వేసవి సమయం (డేలైట్ సేవింగ్) పాటించరు. ఓడ గాల్వెస్టన్ సమయంలోనే నడిస్తే, వేసవిలో మీ ఫోన్ స్థానిక సమయం పట్టుకుని 3 చూపిస్తుంటే ఓడలో 4 అయినట్టు. చేతికి మామూలు వాచీ కట్టుకుని, దిగేముందు ఓడ గడియారంతో సరిచూసుకోండి.

హెచ్-1బి మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరినవాళ్లు రూటు చూడకుండా డబ్బు కట్టొద్దు. ఆటోమేటిక్ రీవాలిడేషన్ (స్టాంపింగ్ గడువు తీరినా కొద్దిరోజుల ప్రయాణం నుంచి తిరిగి రానిచ్చే వెసులుబాటు) హెచ్-1బికి మెక్సికో, కెనడాలకే వర్తిస్తుంది. దారిలో రోతాన్ ఉంటే అది పనికిరాదు, టికెట్ డబ్బంతా పోవచ్చు.

ఓడలో డాక్టరు ఫీజు నేరుగా మీ ఖాతాలో పడుతుంది, తర్వాత మీరు ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేసుకోవాలి. అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా బయట, ఓడలో పనిచేస్తుందో లేదో పాలసీలో చదవండి. లేదంటే అత్యవసర తరలింపు కూడా ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరుగా తీసుకోండి.

ఇన్సూరెన్స్, హోటల్, డ్రింక్స్ కాక ఇప్పటికి 1,399 అయింది. 15 శాతం చేతిలో ఉంచుకుంటే సుమారు 1,610. ఫొటోలు, స్పా, స్పెషల్ రెస్టారెంట్లు ఇందులో లేవు. కావాలనుకుంటే ఏది ఎంతకో ముందే రాసుకోండి.

ఖాతాకి డెబిట్ కార్డు ఇవ్వొద్దు. ఓడ పెట్టే హోల్డ్ దిగిన తర్వాత కూడా కొన్నాళ్లు మీ బ్యాంకు డబ్బుని పట్టి ఉంచుతుంది. క్రెడిట్ కార్డే మేలు. పిల్లలుంటే ఓడవాళ్లు వాళ్లకిచ్చే కార్డుకి ఆర్కేడ్ (వీడియో గేమ్) చార్జీలు పడకుండా గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో ఆపించండి. రోజూ రాత్రి యాప్‌లో ఖాతా చూసి, తప్పు కనిపిస్తే ఆ రోజే అడగండి. చివరి ఉదయం ఆ కౌంటర్ ముందు క్యూ చాంతాడంత ఉంటుంది.