సిలికాన్ కార్బైడ్ సిరామిక్ తొందరగా విరగకుండా చేయడం ఎలా?

కడప బండను రెండు ముక్కలు చేయాలంటే ముందు దాని మీద ఒక గాడి కోస్తారు. ఆ తర్వాత కొడితే బండ గాడి వెంటే విరుగుతుంది. సిలికాన్ కార్బైడ్‌ది కూడా ఇదే తీరు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాయి పాలిషింగ్‌లో వాడే కార్బొరండం ఇదే పదార్థం. పంపుల మెకానికల్ సీల్ రింగులూ దీనితో చేస్తారు. అరుగుదలను బాగా తట్టుకుంటుంది కానీ ఎక్కడ చిన్న లోపం ఉంటే అక్కడే విరుగుతుంది.

చిన్నదంటే ఎంత చిన్నది? బోరాన్, కార్బన్ కలిపి కాల్చిన మామూలు ముక్క టఫ్‌నెస్ (పగులు పాకకుండా ఆపే శక్తి) సుమారు 3 మెగాపాస్కల్ రూట్ మీటర్ (టఫ్‌నెస్‌ను కొలిచే ప్రమాణం ఇదే). 400 మెగాపాస్కల్ ఒత్తిడి దగ్గర అది విరగడానికి పైభాగంలో 15 నుంచి 30 మైక్రాన్ల చీలిక సరిపోతుంది. తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. పొడిలో ఒక్క వెంట్రుక పడితే, అది కాలిపోయి మిగిల్చే ఖాళీయే ముక్కను విరగ్గొడుతుంది.

కాబట్టి పనులు రెండు. లోపాలను చిన్నవి చేస్తే బలం పెరుగుతుంది. పగులు నేరుగా పోకుండా దాని దారిని వంకర చేస్తే టఫ్‌నెస్ పెరుగుతుంది. రెండోదాని కోసం అతిగా పోతే మొదటిది చెడుతుంది, అందుకే వరుస తప్పకూడదు.

1. పొడి

పాలిషింగ్‌కు అమ్మే 220 గ్రిట్ పొడి దీనికి పనికిరాదు. దాని రేణువు 60 మైక్రాన్లకు పైనే ఉంటుంది, ఎంత కాల్చినా దగ్గరపడదు. సిలికాన్ కార్బైడ్‌లో స్ఫటిక అమరికను బట్టి బీటా, ఆల్ఫా అని రకాలుంటాయి. అర మైక్రాన్ స్థాయి బీటా రకం పొడి తీసుకోండి. 500 గ్రాముల బ్యాచ్‌కు బీటా పొడి 440 గ్రాములు, ఆల్ఫా పొడి 10 గ్రాములు, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) 21.5 గ్రాములు, యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) 28.5 గ్రాములు. ఆ కొద్దిపాటి ఆల్ఫా పాలకు తోడు లాంటిది. పొడవాటి కణాలు దాని మీదే పెరుగుతాయి. ఎక్కువ వేస్తే కణాలన్నీ గుండ్రంగా మిగిలిపోతాయి. అల్యూమినా, యిట్రియా కలిసి సుమారు 1760 డిగ్రీల దగ్గర కరిగి, రేణువుల మధ్య ద్రవంగా పారి వాటిని దగ్గరకు లాగుతాయి.

2. కలపడం, ఆరబెట్టడం

ప్లాస్టిక్ జాడీలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, సిలికాన్ కార్బైడ్ గుండ్లతో 24 గంటలు బాల్ మిల్లు తిప్పండి. అల్యూమినా గుండ్లే ఉంటే, ముందూ తర్వాతా తూకం వేయండి. గుండ్లు 4 గ్రాములు అరిగాయంటే అంత అల్యూమినా పొడిలో కలిసినట్టే, తర్వాతి బ్యాచ్‌లో ఆ మేరకు తగ్గించాలి. ఇనుప గుండ్లు వద్దు.

చాలామంది బ్యాచ్ పాడుచేసుకునేది ఆరబెట్టేటప్పుడే. కర్నూలు ఎండల్లో ఆల్కహాల్ చూస్తుండగానే ఎగిరిపోయి పైన పొర కడుతుంది. పలచటి స్లర్రీని (పొడి కలిసిన ద్రవాన్ని) కదపకుండా వదిలేస్తే బరువైన యిట్రియా అడుక్కి దిగుతుంది. రెండు శాతం పెగ్ బైండర్ (పొడిని అంటిపెట్టి ఉంచే పాలిఇథిలీన్ గ్లైకాల్) కలిపి, మంట లేని హాట్‌ప్లేట్ మీద, గాలి బాగా ఆడేచోట, చిక్కబడేదాకా తిప్పుతూనే ఉండండి. ఫ్యాన్ కింద పెట్టొద్దు, అనంతపురం దుమ్మంతా అందులోకే చేరుతుంది. తర్వాత 60 మెష్ జల్లెడ పట్టండి. వేళ్ల మధ్య నలిపితే గుళిక మెత్తగా చితకాలి. చితకని గుళికలు అచ్చులోనూ చితకవు, వాటి మధ్య సందులు చివరిదాకా మిగిలిపోతాయి. ముక్కుకు మాస్కు తప్పనిసరి.

3. అచ్చు

డైలో 50 మెగాపాస్కల్ దగ్గర నొక్కి, తర్వాత రబ్బరు సంచిలో వేసి 200 మెగాపాస్కల్ ఐసోస్టాటిక్ ప్రెస్‌లో (అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కే యంత్రంలో) నొక్కండి. ఒత్తిడి ఒక్కసారిగా వదిలితే ముక్క పొరలుగా విడిపోతుంది. కాలాక ప్రతి వైపూ 17 నుంచి 20 శాతం కుంచించుకుపోతుంది, ఆ లెక్కన కొలత పెంచుకోండి.

బైండర్ పోవడానికి నిమిషానికి 1 డిగ్రీ చొప్పున 500 డిగ్రీల దాకా వేడి చేయాలి. బైండర్ పోయిన ముక్క సుద్దముక్కలా పెళుసుగా ఉంటుంది. కొలిమి వేరే ఊళ్లో ఉంటే బైండర్ ఉండగానే బస్సెక్కించండి, ఆ కాల్పు అక్కడే చేసుకోవచ్చు.

4. కాల్చడం

దీనికి గ్రాఫైట్ కొలిమి కావాలి. మూత ఉన్న గ్రాఫైట్ మూసలో, అదే మిశ్రమం పొడి మధ్యలో ముక్కను పూడ్చండి. లేకపోతే అల్యూమినా, సిలికాన్ కార్బైడ్ తమలో తాము చర్య జరిపి వాయువులుగా పోతాయి, పైభాగం గుల్లబారుతుంది. ఆర్గాన్‌లో 1900 డిగ్రీల దగ్గర గంట. నైట్రోజన్ వాడొద్దు, బీటా నుంచి ఆల్ఫాకు మారడాన్ని అది అడ్డుకుంటుంది. మనకు పొడవాటి కణాలిచ్చేది ఆ మార్పే.

నీళ్లలో తూచి సాంద్రత చూడండి. పూర్తి సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 3.3 గ్రాములు. 3.2 కన్నా తక్కువ వస్తే ముందుకు పోవద్దు, 1, 2, 3 దశల్లో తప్పు వెతకండి. గుల్ల ముక్కలో కణాలు పెంచి లాభం లేదు. వేలితో తట్టినా తెలుస్తుంది: మంచి ముక్క ఖంగుమంటుంది, చీలిక ఉన్నది మొద్దుగా పలుకుతుంది.

సాంద్రత సరిపోయాకే 1950 డిగ్రీల దగ్గర 2 నుంచి 4 గంటలు మళ్లీ ఆర్గాన్‌లో ఉంచండి. కణాలు పలకల్లా పొడవుగా పెరిగి ఒకదానిలో ఒకటి అల్లుకుంటాయి. పగులు వాటిని చుట్టి పోవాల్సి వస్తుంది, కొన్ని పలకలు పగులుకు రెండు వైపులా వంతెనలా పట్టి ఉంచుతాయి. టఫ్‌నెస్ 5 దాటడం సాధ్యమే. ఇంకా పెంచుదామని గంటలు సాగదీస్తే కణాలే 15, 20 మైక్రాన్లకు పెరిగి తామే లోపాలవుతాయి, బలం పడిపోతుంది. మొదటిసారి 2 గంటలతో ఆపడమే మేలు.

5. అరగదీయడం, మాన్పడం

గుల్లబారిన పైపొర పోయేదాకా డైమండ్ వీల్‌తో తీయండి. గీతలు ముక్క పొడవు వెంటే పడాలి. అడ్డంగా పడితే బండ మీద గాడి కోసినట్టే. అంచులను 0.12 మిల్లీమీటరు చాంఫర్ చేయండి, అంటే పదునైన మూలను ఏటవాలుగా తీసేయండి. ఆపై మామూలు గాలిలో 1300 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే, పైన ఏర్పడే సిలికా సన్నని చీలికల్లోకి నిండుతుంది. బలం పెరుగుతుంది, టఫ్‌నెస్ మారదు.

6. పరీక్ష

3 × 4 × 45 మిల్లీమీటర్ల కడ్డీలు కనీసం 10 విరిచి చూడండి. వికర్స్ గుంట (వజ్రపు మొనతో నొక్కి చేసిన గుంట) చుట్టూ పగుళ్లు కొలిచి చెప్పే టఫ్‌నెస్ మీ బ్యాచ్‌లను పోల్చుకోవడానికే పనికొస్తుంది, దాన్ని అసలు విలువ అనుకోవద్దు. విరిగిన ముఖాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి పగులు ఎక్కడ మొదలైందో వెతకండి. గుండ్రటి ఖాళీ కనిపిస్తే గట్టి గుళిక, సన్నని గొట్టంలా ఉంటే వెంట్రుకో నూలుపోగో. అంచున అర్ధచంద్రంలా ఉంటే వీల్ చేసిన గాయం. పెద్ద పలక ఒక్కటే మెరుస్తుంటే, తర్వాతి బ్యాచ్‌లో 1950 దగ్గర గంట తగ్గించండి.