పరుగు పాఠాలు – 4: ఇసుక, గుట్ట, చెరువు కట్ట

మూడో పాఠం చివర ఇచ్చిన పని పూర్తి చేసి ఉంటే, ఈపాటికి మీరు మైదానంలో గానీ కాలనీ రోడ్డు మీద గానీ ఆగకుండా 40 నిమిషాలు పరుగెత్తగలుగుతుంటారు. అంత వచ్చాకే ఈ పాఠం మొదలుపెట్టండి. ఇంకా రాకపోతే టెన్షన్ పడొద్దు, మరో రెండు వారాలు పాత పాఠంలోనే ఉండండి. ఇవాళ్టి నుంచి మనం చదును నేలను వదిలేస్తున్నాం.

ట్రెయిల్ రన్నింగ్, అంటే రోడ్డు వదిలి ఇసుక, మట్టి, కొండ దారుల్లో పరుగు అనగానే చాలామందికి మొదట గుర్తొచ్చేవి దూరదేశాల ఫొటోలు. మొరాకోలో సహారా ఇసుక మీద సుమారు 250 కిలోమీటర్లు సాగే మారథాన్ దె సాబ్ల్ ఒకటి. 1984లో ప్యాట్రిక్ బవెర్ అనే ఫ్రెంచి యువకుడు నీళ్లు, తిండి వీపున మోసుకుని సహారాలో ఒంటరిగా 350 కిలోమీటర్లు నడిచాడు. ఆ నడకలోంచే 1986లో ఈ పోటీ పుట్టింది. ఆల్ప్స్‌లో మోఁ బ్లాఁ పర్వతం చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా సాగే దారి ఇంకొకటి. దాదాపు 170 కిలోమీటర్ల దూరం, మొత్తం ఎక్కుడు 10,000 మీటర్లకు దగ్గర. మన దేశంలోనే లద్దాఖ్‌లో ఖర్దుంగ్ లా కనుమ దాటే 72 కిలోమీటర్ల పరుగు ఉంది. అక్కడ గాలే పలచన. అందుకే పాల్గొనేవాళ్లు ముందుగా వెళ్లి కొన్ని రోజులు ఆ ఎత్తుకు అలవాటు పడాలి.

వీటిని చూసి "మనకెక్కడ కుదురుతుంది" అని వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. నాకు బాధనిపించేది అక్కడే. ఆ దారుల్లో కాలికి తగిలే నేల మన ఉత్తర తెలంగాణలోనూ ఉంది. సంక్రాంతి దాటాక గోదావరిలో, జంపన్నవాగులో ఇసుక తిన్నెలు బయటపడతాయి. హనుమకొండ చుట్టూ గుట్టలకు కొదవ లేదు. కాకతీయులు కట్టించిన చెరువు కట్టలు ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడే ఉన్నాయి. ఆ పెద్ద పోటీలకు మీరు వెళ్లినా వెళ్లకపోయినా, వాటికి కావలసిన కాళ్లు ఇక్కడే తయారవుతాయి.

మొదటి రోజు చేయాల్సిన పని చాలా చిన్నది. వాచీలో గానీ ఫోన్‌లో గానీ పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) కనపడకుండా చేయండి. రోడ్డు మీద కిలోమీటరు 7 నిమిషాల్లో వెళ్లే మనిషికి ఇసుకలో 10 నిమిషాలు పట్టొచ్చు, గుట్ట ఎక్కుతుంటే 15 కూడా దాటొచ్చు. ఆ అంకె చూసుకుంటూ పరుగెత్తితే రెండు వారాల్లో దెబ్బ తగిలించుకుంటారు. దాని బదులు ఊపిరిని పట్టుకోండి. పక్కన నడిచే మనిషితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయింది. రెండు మాటలకే రొప్పు వస్తే తగ్గించండి. ఇసుకైనా గుట్టైనా ఇదే కొలత.

ఇసుక

ఈ పాఠంలో ఎక్కువ సమయం ఇసుకకే ఇస్తున్నాను. ఎందుకంటే మన తప్పులను ఇసుక దాచదు, అచ్చు వేసి చూపిస్తుంది.

గట్టి నేల మీద పాదం ఆనినప్పుడు పిక్క, మడమ వెనక నరం స్ప్రింగులా సాగి, ఆ శక్తిలో కొంత తిరిగి ఇస్తాయి. ఇసుకలో పాదం కింద నేల పక్కకు జారిపోతుంది కాబట్టి ఆ శక్తి ఇసుకను నెట్టడానికే ఖర్చయిపోతుంది. అదే వేగంతో గట్టి నేల మీద పరుగెత్తడానికి పట్టే శక్తికి ఇక్కడ సుమారు 1.6 రెట్లు పడుతుంది. అందుకే మొదటిరోజు 10 నిమిషాలు చాలు. ఉత్సాహంగా ఉన్నా అక్కడితో ఆపండి. ఆ సాయంత్రం ఏమీ తెలియదు, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు పిక్కలు చెబుతాయి.

ఇప్పుడు అసలు అభ్యాసం. ఒక యాభై అడుగులు మామూలుగా పరుగెత్తి ఆగండి. వెనక్కి తిరిగి మీ అడుగుల అచ్చులు చూడండి. వంగి దగ్గరగా చూడండి. మునివేళ్ల దగ్గర లోతైన గుంట పడి, దాని వెనక ఇసుక కుప్పగా ఎగిరి ఉంటే మీరు వేళ్లతో నేలను తన్నుతున్నారన్నమాట. మడమ దగ్గర గుంట ఉంటే అడుగు మరీ ముందుకు వేసి బ్రేకు వేస్తున్నారు. అచ్చు ముందూ వెనకా ఒకే లోతులో, అంచులు చెదరకుండా ఉంటే పాదం పూర్తిగా ఆనుతోంది. మనకు కావలసింది ఆ అచ్చు. అడుగు సగానికి తగ్గించండి, అడుగుల సంఖ్య పెంచండి, పాదాన్ని అట్టు పెనం మీద పరిచినట్టు మొత్తం ఆన్చండి. మళ్లీ యాభై అడుగులు, మళ్లీ వెనక్కి చూడటం. నాకు మంచి అచ్చు పడటానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

ఏ ఇసుక మీద వెళ్లాలో కూడా నేర్చుకోవాలి. తెల్లగా, పొడిగా, వదులుగా ఉన్నది కాళ్లను మింగేస్తుంది. నీళ్ల వైపు కాస్త దగ్గరగా, రంగు ముదిరి తడిగా కనిపించే పట్టీ గట్టిగా ఉంటుంది. ట్రాక్టరు వెళ్లిన జాడ ఉంటే అందులోకి దిగండి, టైరు కింద ఇసుక నొక్కుకుని ఉంటుంది. అయితే నీళ్లకు మరీ ఆనుకుని మెరుస్తూ, కాలితో తడితే పెరుగులా వణికే చోటికి మాత్రం పోవద్దు, అది ఊబి కావొచ్చు. ఇసుక తవ్విన గుంతల్లో నీళ్లు నిలిచి లోతు తెలియకుండా ఉంటాయి. పైన బ్యారేజీలున్న నదిలో నీళ్లు వదిలితే తిన్నెలు మునుగుతాయి. అందుకే ఒడ్డున ఉన్న ఊరివాళ్లను అడగకుండా గోదావరి ఇసుకలోకి దిగొద్దు, ఒంటరిగా అసలే వద్దు.

థార్ ఎడారిలో జైసల్మేర్ దగ్గర సమ్ ఇసుక దిబ్బలకు ఎప్పుడైనా వెళ్తే ఇదే చదువు అక్కడ పనికొస్తుంది. దిబ్బకు గాలి తగిలే వైపు వాలు తక్కువ, ఇసుక కాస్త గట్టి. గాలి చాటు వైపు నిటారుగా, మెత్తగా జారుతూ ఉంటుంది. ఎక్కేది గాలి వైపు నుంచి, దిగేది చాటు వైపు నుంచి. ఎండ ముదరకముందు రాత్రి తేమ ఇంకా ఉన్నప్పుడు ఇసుక నిలబడుతుంది.

బూట్లలోకి ఇసుక పోతే పది నిమిషాల్లో బొబ్బ లేస్తుంది. ఎడారి పరుగువాళ్లు బూటు మీద గుడ్డ తొడుగు వేసుకుంటారు, దాన్ని గైటర్ అంటారు. మనకు పాత సాక్సు పాదం భాగం కత్తిరించి, మిగిలిన గొట్టాన్ని చీలమండ నుంచి బూటు అంచు మీదికి లాగితే చాలు.

గుట్ట

ఎక్కుడు గురించి ఒకే మాట. నిటారుగా ఉన్నచోట నడవండి. దీన్ని ఓటమి అనుకోవద్దు. ఆల్ప్స్ పోటీల్లో ముందున్నవాళ్లు కూడా నిటారు ఎక్కుళ్లలో నడుస్తారు, ఎందుకంటే ఒక వాలు దాటాక పరుగుకంటే నడకకే తక్కువ శక్తి పడుతుంది. నడుము వంచకుండా, చేతులు తొడల మీద ఆన్చి నొక్కుతూ, చిన్న అడుగులు. ఎంత సేపు పడుతుందో ముందే లెక్క కట్టుకోవాలంటే 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ పనిచేస్తుంది. 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. అంటే 100 మీటర్ల గుట్టకు 10 నిమిషాలు అదనం. ఇంట్లో ఎన్నింటికి వస్తానని చెప్పాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

దెబ్బలు తగిలేది దిగుడులో. ఎనిమిదేళ్ల క్రితం హనుమకొండలో ఒక గుట్ట దిగుతూ పడ్డాను. పెద్ద బండ, దాని మీద పలచగా మొరం. పొడి బండ బూటును బాగా పట్టుకుంటుంది. ఒట్టి మొరం దారి కూడా ఫరవాలేదు. బండ మీద పరుచుకున్న మొరం మాత్రం గచ్చు మీద ఒలికిన కందిపప్పుతో సమానం. నేను వెనక్కి ఒరిగి, మడమ మీద బరువు వేసి దిగుతున్నాను. కాలు ముందుకు జారిపోయింది. రెండు అరచేతులూ గీరుకుపోయాయి, మోచేతిలో రాళ్లు దిగాయి.

మేకలు కాస్తున్న ఒక పెద్దమనిషి వచ్చి లేపాడు. తన సీసాలో నీళ్లతో చేతులు కడిగి, కాసేపు కూర్చోబెట్టి, తర్వాత అన్నాడు: "గట్ల మడిమెల మీద బరువెయ్యకు తమ్మీ. కాలంత ఆన్చు. ఎనుకకు ఒరగకు, భయమైతే అడుగు చిన్నగ చేస్కో." చెప్పి ఊరుకోలేదు. అదే బండ మీద టైరు చెప్పులతో మూడుసార్లు దిగి చూపించాడు. మోకాళ్లు కాస్త వంచి, చేతులు పక్కలకు వదులుగా, టకటకా చిన్న అడుగులు. చూపు కాళ్ల మీద లేదు, మూడు నాలుగు అడుగుల ముందు ఉంది. ఆ తర్వాత నేను చదివినవన్నీ ఆయన చూపించినదాన్నే చెప్పాయి.

దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువు ఆపాలి. అందుకే నొప్పి అప్పుడు తెలియదు, ఒకటి రెండు రోజుల తర్వాత మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది. అది గాయం కాదు, తగ్గిపోతుంది. కానీ ఆ నొప్పి ఉండగా మళ్లీ గుట్టకు వెళ్లొద్దు.

కొత్తవాళ్లకు నేను చెప్పే చోటు ఖిలా వరంగల్ మట్టికోట. రాతికోట బయట చుట్టూ ఉన్న ఆ మట్టి కట్టకు మీరెక్కి దిగడానికి సరిపడా వాలు ఉంది, బండల భయం లేదు. ఉన్న కాలిబాట మీదే వెళ్లండి, కొత్త బాట తొక్కితే వానకు అక్కడే మట్టి కోసుకుపోతుంది. లోపల ఏకశిల గుట్ట కనిపిస్తుంటుంది. ఓరుగల్లు అన్న పేరులోని రాయి అదే. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఎక్కుతుంటే నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

తెల్లవారుజామున ఊరికి దూరంగా ఉన్న గుట్టల మీదికి పోకండి, ఎలుగుబంట్లు తిరిగే వేళ అది. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. నిర్మల్, మంచిర్యాల వైపు కవ్వాల్ పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా ఆ అడవుల్లోకి పరుగుకు వెళ్లకూడదు.

చెరువు కట్ట

ఇది సులువు, కాబట్టి క్లుప్తంగా. కట్ట మీద రెండు బండి జాడలు, మధ్యలో గడ్డి ఉంటుంది. జాడలో పరుగెత్తండి, గడ్డిలో రాయీ పామూ కనపడవు. జాడ ఒక పక్కకు వాలి ఉంటే వెళ్లేటప్పుడు ఒక జాడ, వచ్చేటప్పుడు అదే జాడ పట్టండి. అప్పుడు రెండు కాళ్లకూ సమానంగా పని పడుతుంది. సర్కారు తుమ్మ ముల్లు బూటు అట్టను దాటి దిగుతుంది, ఇంటికి వచ్చాక అట్ట అడుగు తడిమి చూడండి. బర్రెలు ఎదురైతే నడవండి. మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే అలుగు) దూకుతుంటే దాటే ప్రయత్నమే వద్దు, కింద పాకుడు ఉంటుంది, మోకాలి లోతు పారే నీళ్లే మనిషిని పడేస్తాయి.

గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల చెరువు కట్ట మీద చలికాలం పొద్దున ఒకసారి నిలబడి చూడండి. మూడువైపులా అడవి, ఎదురుగా నీళ్ల మీద పొగమంచు. అనుమతి అడిగి, టికెట్ కొని, అంత దూరం వెళ్లినందుకు ఆ చూపు ఒక్కటీ చాలు.

ఎండ, నీళ్లు

ఎడారి, కొండ, నది మూడూ ఒకేచోట ఉండే దారి అమెరికాలోని గ్రాండ్ కాన్యన్. అక్కడ ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు. పైన దక్షిణ అంచు దాదాపు 2,100 మీటర్ల ఎత్తులో చల్లగా ఉంటుంది. కింద కొలరాడో నది దగ్గరికి వెళ్లేసరికి దాదాపు 1,400 మీటర్లు దిగి ఉంటారు. వేసవిలో అక్కడ 40 డిగ్రీలు దాటుతుంది. చల్లగా ఉన్నప్పుడు హాయిగా దిగినవాళ్లు అలసిన కాళ్లతో మండుటెండలో ఎక్కాల్సి వస్తుంది. అందుకే నది దాకా వెళ్లి ఒకేరోజులో తిరిగి రావొద్దని అక్కడి పార్కువాళ్లు హెచ్చరిస్తారు. గోదావరి ఒడ్డు దిగేటప్పుడు మీరూ ఇది గుర్తుంచుకోండి. పొద్దున ఆరింటికి చల్లటి ఇసుక తొమ్మిదింటికి నిప్పు మీద పెట్టిన మంగలం అవుతుంది. నీళ్లలో మూడో వంతు తాగేసరికి వెనక్కి తిరగాలి.

గంటలోపు పరుగుకు మంచినీళ్లు చాలు. అంతకు మించితే ఉప్పు కూడా పోతుంది, ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం. లీటరు నీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి తీసుకెళ్లండి. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ ఇంటికి వచ్చాక తాగండి. శరీరం ఎండకు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, మార్చిలో ఒక్కసారిగా సమయం పెంచొద్దు.

రెండు వారాల పని

వారానికి నాలుగు రోజులు. రెండు రోజులు పాత చదును నేల మీదే, 40 నిమిషాల చొప్పున. ఒకరోజు మట్టికోట లాంటి వాలు మీద, ఎక్కేటప్పుడు నడక, దిగేటప్పుడు చిన్న అడుగులతో పరుగు, ఆరుసార్లు. ఆదివారం ఇసుక. మొదటి వారం 10 నిమిషాలు, రెండో వారం 15. ఇసుక దొరకనివాళ్లు దున్ని వదిలేసిన చెలకలో చేయొచ్చు, యజమానిని అడిగి. వాలుకూ ఇసుకకూ మధ్య కనీసం రెండు రోజులు ఉండాలి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. అందులో వేగం రాయకండి. దిగేటప్పుడు భయమేసి ఎక్కడ ఆగారో, అక్కడ నేల ఎలా ఉందో రాయండి. బండా, మొరమా, వేర్లా, తడి ఆకులా. ఐదో పాఠం పూర్తిగా దిగుడు గురించే. మీరు ఆగిన ఆ చోట్ల నుంచే మొదలుపెడదాం.