ఎండలు ముదరకముందే పసిపిల్లల మంచం జరపండి

వేసవి వస్తే ఏసీ, స్టెబిలైజర్, ఇన్వర్టర్ రాత్రంతా పనిచేస్తూనే ఉంటాయి. తీగలో కరెంటు పెరిగిన కొద్దీ దాని చుట్టూ అయస్కాంత క్షేత్రమూ పెరుగుతుంది. ఇటుక గోడ దాన్ని ఆపలేదు. దూరం జరిగితే మాత్రం వేగంగా తగ్గిపోతుంది.

దీనికీ పిల్లల క్యాన్సర్‌కూ సంబంధం ఉండవచ్చన్న అనుమానం 1979లో మొదలైంది. అమెరికాలోని డెన్వర్‌లో నాన్సీ వర్థైమర్, ఎడ్ లీపర్ చేసిన పరిశీలన దానికి మూలం. 2000లో పలు దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, ఈ క్షేత్రం సగటున 0.4 మైక్రోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) దాటిన ఇళ్లలోని పిల్లల్లో ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, సుమారు రెట్టింపుగా కనిపించింది. అలాంటి ఇళ్లలో ఉన్న పిల్లలు నూటికి ఒక్కరు కూడా లేరు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ క్షేత్రాన్ని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న 2బి వర్గంలో పెట్టింది. జంతువులపై ప్రయోగాల్లో మాత్రం గట్టి ఆధారం దొరకలేదు. అందుకే ఇల్లు అమ్ముకోవలసిన పనేమీ లేదు, మంచం జరిపితే చాలు అంటాను.

పిల్లలు గంటల తరబడి కదలకుండా ఉండేది నిద్రలోనే. వాళ్ల తలగడ వెనక గోడకు అవతలి వైపు ఏముందో వెళ్లి చూడండి. ఫ్రిజ్, ఇన్వర్టర్, మీటరు బోర్డు ఉంటే మంచాన్ని ఒకటి రెండు మీటర్లు ఇవతలికి లాగండి. అపార్ట్‌మెంట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ గదికి సరిగ్గా పైన ఉన్న పడకగదిని పిల్లలకు ఇవ్వకండి. మిక్సీ, హెయిర్ డ్రయ్యర్ దగ్గర క్షేత్రం ఎక్కువే అయినా వాడేది కొద్ది నిమిషాలే కాబట్టి వాటి గురించి బెంగ వద్దు.

వైరింగును మాత్రం తప్పక చూపించండి. కరెంటు తెచ్చే ఫేజు తీగ, తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ తీగ పక్కపక్కనే నడిస్తే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి దాదాపు రద్దు చేసుకుంటాయి. ఒక లైను న్యూట్రల్‌ను మరో లైను న్యూట్రల్‌తో కలిపేస్తే కరెంటు వేరే దారిన తిరిగి వెళ్తుంది, క్షేత్రం గదంతా పరుచుకుంటుంది. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోవడానికి ఇదీ ఒక కారణం. విసుగొచ్చి దాన్ని తీసేయించకండి, షాకు నుంచి ప్రాణం కాపాడేదే అది! డాబా పక్కనుంచి 11 కేవీ (11 వేల వోల్టుల) తీగలు వెళ్తుంటే కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలన్నది నిబంధన. వేసవి సెలవుల్లో గాలిపటాలతో, ఇనుప చువ్వలతో పిల్లలను అటు వెళ్లనివ్వకండి. ఆ ప్రమాదంలో ‘కావచ్చు’ అన్న మాటకే చోటు లేదు.

ఫోను యాప్‌తో కొలిచి భయపడేవాళ్లు చాలామంది. అది 40 మైక్రోటెస్లా చూపగానే 0.4కు వందరెట్లని హడలిపోతారు. అది ప్రధానంగా భూమికి సహజంగా ఉన్న స్థిర క్షేత్రం. అధ్యయనాలు కొలిచింది ఇంటి కరెంటుతో సెకనుకు 50, 60 సార్లు ఊగే క్షేత్రాన్ని. దానికి వేరే మీటరు కావాలి. రేడియేషన్‌ను ఆపుతాయని అమ్మే స్టిక్కర్లకు రూపాయి కూడా పెట్టకండి.

ఇప్పటికే బిడ్డకు జబ్బు వచ్చిన తల్లిదండ్రులను ‘మీ ఇంటి పక్కన తీగలున్నాయి కదా’ అని ఎవరూ గుచ్చకండి. ఒక బిడ్డ విషయంలో కారణం ఇదేనని ఏ వైద్యుడూ తేల్చి చెప్పలేడు. పిల్లలకు తగ్గని జ్వరం, పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి, మెడలో గడ్డలు కనిపిస్తే వెంటనే పిల్లల వైద్యుడికి చూపించి రక్తకణాల పరీక్ష చేయించండి.