ఇంటి కుక్క కరిచింది: ఉంచుకోవడమా, ఇంకో దారా?

కరిచిన రోజునే కుక్క భవిష్యత్తు తేల్చకండి. ఆ రోజు చూడాల్సింది గాయాన్ని. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసుకుని మరీ కడగాలి. తర్వాత క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్ మందు రాయాలి. పసర్లు, పొడులు అద్దకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. చర్మం గీరుకుపోయినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. రేబిస్ టీకా, టెటనస్ ఇంజెక్షన్, అవసరమైతే గాయంలోకే ఇచ్చే, వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ సంగతి ఆయన తేలుస్తారు. మన కుక్కకు టీకాలన్నీ వేయించాం కదా అని ఆగిపోవద్దు. దాని టీకాల కార్డు వెంట తీసుకెళ్ళండి.

తర్వాత 10 రోజులు కుక్క మీ కళ్ళ ముందే, కట్టడిలో ఉండాలి. రేబిస్ సోకిన కుక్క లాలాజలంలోకి వైరస్ చేరాక, కొద్ది రోజుల్లోనే జబ్బు బయటపడి చనిపోతుంది. పదో రోజు దాటాక కూడా అది ఆరోగ్యంగా ఉందంటే, కరిచిన నాడు దాని నోట్లో వైరస్ లేనట్టే. ఈ గడువులో దాన్ని ఎవరికైనా ఇచ్చేసినా, ఎక్కడైనా వదిలేసినా ఆ ఆధారం పోతుంది. అలాగని మనిషికి వేసే టీకాలను పదో రోజు దాకా ఆపకూడదు. డాక్టరు చెప్పిన రోజే మొదలుపెట్టాలి.

ఈ పది రోజుల్లో ఒక కాగితం తీసుకుని జరిగింది రాయండి. అక్కడున్న వాళ్ళందరినీ విడివిడిగా అడగండి. కరవడానికి ముందు అర నిమిషంలో ఎవరు ఎక్కడున్నారు, కుక్క ముందు తిండో బొమ్మో ఉందా, నిద్రలో ఉందా, ఎవరైనా మీదకి వంగారా, కాలర్ పట్టుకు లాగారా? ఎన్నిసార్లు కరిచింది, వెంటనే వదిలేసిందా, పట్టుకుని విదిలించిందా? చాలామంది "ఊరికే కరిచేసింది" అంటారు. గుచ్చిగుచ్చి అడిగితే సంకేతాలు బయటికొస్తాయి. ఒళ్ళు బిగబట్టి కదలకుండా నిలబడటం, ముఖం తిప్పి ఓరకంట చూస్తుంటే కంటి తెల్లగుడ్డు కనిపించడం, తినేదేమీ లేకుండానే మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం. గుర్రుమన్నందుకు ఎప్పుడైనా కొట్టి ఉంటే అదీ రాయండి. గుర్రుమనడం అది మనకిచ్చే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. ఇక తర్వాత చప్పుడు చేయకుండా కరుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది గాటు లోతు. ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కుక్క కాటును 6 స్థాయిలుగా విడదీశారు. 1లో పళ్ళు ఒంటికి తగలవు, 2లో తగిలినా దిగవు. 3లో ఒకే కాటుకు ఒకటి నుంచి నాలుగు గాట్లు పడతాయి, ఏదీ కోరపన్ను పొడవులో సగానికి మించి దిగదు. 4లో ఒక గాటైనా సగానికి మించి దిగుతుంది, చుట్టూ కమిలిపోతుంది, విదిలిస్తే చర్మం చీలుతుంది. 5 అంటే అలాంటి లోతైన కాట్లు ఒకే దాడిలో రెండో అంతకన్నా ఎక్కువో. 6 అంటే ప్రాణం పోవడం. 1, 2 స్థాయిల కుక్కకు కోపమొచ్చినా నోటి మీద అదుపుంది, అది బాగుపడే అవకాశం చాలా ఎక్కువ. 3 దగ్గర గట్టి ప్రయత్నం, గట్టి జాగ్రత్త రెండూ కావాలి. 4కి చేరిన కుక్కకు ఆ అదుపు లేదు. ఎంత నేర్పించినా, ఈసారి కరిస్తే గాయం తేలిగ్గా ఉంటుందని ఎవరూ చెప్పలేరు. పాలపళ్ళ కుక్కపిల్ల ఆటలో కొరకడం ఈ లెక్కలోకి రాదు.

ఏ నిర్ణయానికైనా ముందు పశువైద్యుడి దగ్గరికి వెళ్ళండి. ఇన్నేళ్ళూ సౌమ్యంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి కరిస్తే ముందు నొప్పినే అనుమానించాలి. చెవిలో చీము, పంటి కుళ్ళు, తుంటి కీళ్ళ అరుగుదల, చూపు మందగించడం, థైరాయిడ్ తగ్గడం. పశువైద్యుడి పరీక్ష బల్ల మీద భయంతో బిగుసుకున్న కుక్క నొప్పిని దాచుకోవచ్చు. అందుకే ఇంట్లో అది మెట్లెక్కేటప్పుడు, లేచేటప్పుడు వీడియో తీసి చూపించండి. మనుషుల నొప్పి మాత్రలు వేయకండి, ఐబుప్రొఫెన్ కుక్కలకు విషం. భయం, ఆందోళన ఎక్కువైతే వైద్యుడు ఫ్లూఆక్సెటిన్ లాంటి మందు రాయవచ్చు. దాని ఫలితం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, మధ్యలో మీ అంతట మీరు ఆపకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే కరవడం మానేస్తుందని నమ్మేవాళ్ళున్నారు. భయంతో కరిచే కుక్క దానివల్ల మారదు.

ఇప్పుడు మీ ఇంటిని చూడండి. ఎప్పుడు కరుస్తుందో మీరు ముందే చెప్పగలరా? గిన్నె దగ్గరికి వెళ్తేనే కరిచే కుక్కకు తలుపేసి తిండి పెడితే సగం సమస్య తీరుతుంది. కారణం దొరకని కుక్కకు అలా అడ్డు కట్టలేం. ఇంట్లో పాకే పిల్లలు, తూలిపడే ముసలివాళ్ళు ఉన్నారా? పిల్లల ముఖం కుక్క నోటి ఎత్తులోనే ఉంటుంది, కాబట్టి అదే 3వ స్థాయి కాటు వాళ్ళకు కన్ను పోయేంత ప్రమాదం. చివరిగా, ఏళ్ళ తరబడి తలుపులు మరవకుండా వేసే ఓపిక ఇంట్లో అందరికీ ఉందా? ఒక్కరు మరిచిపోయినా చాలు. అందుకే కుక్కకూ మనిషికీ మధ్య ఎప్పుడూ రెండు అడ్డంకులు ఉంచాలి: తలుపు, దాని వెనక గొలుసు. లేదా గేటు, దానితోపాటు మూతి చిక్కం.

చిక్కం బుట్టలా ఉండాలి. అందులో నోరు తెరిచి రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలవ్వాలి. నోరు నొక్కేసే గుడ్డ చిక్కం కొద్ది నిమిషాలకు మించి వేస్తే ఒంటి వేడి బయటికి పోదు. మొదటి వారం పట్టీ బిగించకుండా, అడుగున ఇష్టమైన ముక్క వేసి, మూతి దానంతట అదే లోపల పెట్టేలా చేయండి. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత పట్టీ ఒక్క సెకను, అయిదు, ముప్ఫై, అలా పెంచండి. గోళ్ళు కత్తిరించేటప్పుడూ ఇంజెక్షన్ రోజునా మాత్రమే వేస్తే, చిక్కం చూడగానే పారిపోవడం నేర్చుకుంటుంది.

వేరే ఇంటికి ఇవ్వడం 3వ స్థాయి వరకే, అదీ కారణం స్పష్టంగా ఉంటేనే న్యాయం. పిల్లలు లేని ఇల్లు చూసి, మీరు రాసిన కాగితం మొత్తం వాళ్ళ చేతికివ్వండి. ఒక్క కాటు దాచినా ఆ గాయం రేపు వాళ్ళ ఒంటి మీద పడుతుంది. వీధిలో వదిలేయడం దారి కాదు, ముక్కూమొహం తెలియని పిల్లవాడి వైపు ఆ నోరు తిప్పి వెళ్ళిపోవడమే.

4, ఆపైన అయినా, కారణం దొరక్కపోయినా, ఇంట్లో పసివాళ్ళున్నా, ప్రవర్తన చికిత్స తెలిసిన పశువైద్యుడితో మాట్లాడి ప్రాణం తీయించాల్సి రావచ్చు. అది క్రూరత్వం కాదు. ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. కుక్క పూర్తిగా నిద్రలోకి జారుకున్నాకే రెండోది నరంలోకి ఎక్కిస్తారు. దానికి అలవాటైన మనిషి పక్కనే ఉండాలి. కరిచి 10 రోజులు కాకపోతే ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పండి. రేబిస్ పరీక్షకు మెదడు కావాలి, కాబట్టి తలకు దెబ్బ తగలకూడదు. పిల్లలకు "నిద్రపుచ్చాం" అని చెప్పకండి. రాత్రి పడుకోవాలంటే భయపడతారు. చనిపోయిందని, అది వాళ్ళ తప్పు కాదని చెప్పండి. కరిపించుకున్న పిల్లకైతే ఆ మాట ఒకటికి నాలుగుసార్లు చెప్పాలి.