టెక్సాస్ జింకల సీజన్: తొలిసారి వేట సామాను కొనేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

టెక్సాస్‌లో తెల్లతోక జింకల సాధారణ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ముందు రైఫిల్ కొనేసి మిగతావి తర్వాత చూసుకుందాం అనుకోకండి. వీసా మీద అమెరికాలో ఉన్న మనవాళ్ల విషయంలో ఈ వరుస తప్పితే కేసు దాకా వెళ్తుంది.

హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1 లాంటి నాన్-ఇమ్మిగ్రంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అందుకే ముందు లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న తుపాకీకైనా ఇదే నియమం. టెక్సాస్ వేట లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. సీజన్ అయిపోయిందని రెన్యూ చేయడం మానేస్తే సెప్టెంబరు 1 నుంచి ఇంట్లో ఉన్న రైఫిలే నేరమవుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ ఆంక్ష లేదు. ఇక 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రతా శిక్షణ) పూర్తిచేయాలి. 17 ఏళ్లు నిండితే ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు.

రైఫిల్ దగ్గర పెద్దదానికి పోకండి. .243 విన్‌చెస్టర్ లేదా 6.5 క్రీడ్‌మోర్ తూటాలు పేల్చే బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతిసారీ చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించేది) జింకకు చాలు. మాగ్నమ్ (ఎక్కువ శక్తి గల తూటాలు పేల్చే) రైఫిల్ భుజాన్ని గట్టిగా తంతుంది. నాలుగు గుండ్లు పేల్చేసరికి ఆ దెబ్బకు భయపడి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలోనే కళ్లు మూసుకుపోతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది. గురి చెదిరి తూటా గుండెకు బదులు పొట్టలోనో కాలికో దిగుతుంది. గాయపడ్డ జింక పొదల్లోకి పోయి గంటల తరబడి నరకం పడుతుంది. అలా జరగనివ్వకూడదు.

రైఫిల్ ఒంటికి సరిపోవడం కూడా ముఖ్యమే. ఖాళీ తుపాకీ అని చాంబర్ (తూటా ఉండే గది) తెరిచి చూసుకుని, బట్‌ను (తుపాకీ వెనక చివరను) మోచేతి మడతలో ఆనించండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌ను హాయిగా అందుకోవాలి. అందకపోతే స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) మీకు పొడవు. పొట్టి స్టాక్ గానీ, స్పేసర్లు (పొడవు పెంచే పలకలు) తీసే వీలున్నది గానీ అడగండి. 3-9x40 స్కోపు (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపే, 40 మి.మీ. అద్దమున్న గురి దుర్భిణి) కొత్తవాళ్లకు సరిపోతుంది. చలికోటు వేసుకునే స్కోపు బిగింపు సరిచూసుకోండి. కంటికీ అద్దానికీ మధ్య సుమారు మూడున్నర అంగుళాలు లేకపోతే తుపాకీ వెనక్కి తన్నినప్పుడు స్కోపు అంచు కనుబొమ్మను చీరేస్తుంది.

తూటాల విషయంలో ఏమరుపాటు అసలు పనికిరాదు. బారెల్ మీద చెక్కిన పేరు, పెట్టె మీది పేరు, తూటా అడుగున ఉన్న ముద్ర, మూడూ కలవాలి. .300 బ్లాకవుట్ తూటా .223 రైఫిల్ చాంబర్‌లోకి దూరగలదు. పేల్చితే తుపాకీ చేతుల్లోనే పగులుతుంది. 20 గేజ్ గుండు (గేజ్ అంకె పెరిగేకొద్దీ గుండు సన్నబడుతుంది) 12 గేజ్ షాట్‌గన్ బారెల్‌లోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. తుపాకీ ఖాళీ అనుకుని వెనకాల 12 గేజ్ గుండు పెట్టి పేలిస్తే బారెల్ చీలుతుంది. 20 గేజ్ గుండ్లను పసుపు రంగులో చేసేది ఇందుకే. రెండు రకాలు ఒకే జేబులో, ఒకే సంచిలో పెట్టకండి. జింకకు సాఫ్ట్ పాయింట్ లాంటి విచ్చుకునే తూటాలే వాడాలి. .22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటాతో జింకను కొట్టడం టెక్సాస్‌లో చట్టవిరుద్ధం.

గురి సరిచేయడం 25 గజాల దగ్గర మొదలుపెట్టి 100 గజాలకు వెళ్లండి. మామూలు స్కోపులో గురి మార్చే మీటను ఒక క్లిక్ తిప్పితే తూటా తగిలే చోటును 100 గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది. 25 గజాల దగ్గర మాత్రం ఒక అంగుళం జరగాలంటే 16 క్లిక్కులు. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడి తూటాలు తగలేస్తారు. చెవిలో ప్లగ్గులు, పైన మఫ్‌లు (చెవి మూతలు), రెండూ పెట్టుకోండి. రైఫిల్ మోత 140 డెసిబెల్స్ దాటుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు.

చెట్టు మచాన్ ఎక్కేవాళ్లు ఫుల్ బాడీ హార్నెస్‌కు (ఒంటిని చుట్టి పట్టే భద్రతా పట్టీలకు) వెనకాడకండి. నడుముకు మాత్రమే కట్టే బెల్టు, పడినప్పుడు పొట్టను నలిపేస్తుంది, ఊపిరాడనివ్వదు. నేల మీద నుంచి కాలు ఎత్తినప్పటి నుంచి దిగేదాకా తాడుకు తగిలించుకునే ఉండాలి. జారి వేలాడుతూ ఉండిపోతే తొడల పట్టీలు రక్తాన్ని ఆపేస్తాయి, కాబట్టి కాళ్లు మోపుకునే రిలీఫ్ స్ట్రాప్ జేబులో ఉండాలి. తుపాకీ భుజాన వేసుకుని ఎక్కొద్దు. ఖాళీ చేసి, పైకెక్కాక తాడుతో లాక్కోండి.

టెక్సాస్ పబ్లిక్ ల్యాండ్‌లో (ప్రజలు వేటాడే వీలున్న స్థలాల్లో) సాధారణంగా 400 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ఒంటి మీద కనిపించాలి, తలమీద కూడా ఉండాలి. ప్రైవేటు స్థలంలోనూ వేసుకోండి. జింక కంటికి ఆ రంగు మనకు కనిపించినంత కొట్టొచ్చినట్టు కనిపించదు. దూరంగా కదిలేది ఏమిటో చూడటానికి 8x42 (8 రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్స్ విడిగా కొనండి. స్కోపుతో చూస్తే మనిషి మీదికే తుపాకీ గురిపెట్టినట్టవుతుంది.

తూటాలు మోసిన సంచిని ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. అడుగున కుట్లలో ఒక్క తూటా మిగిలి శంషాబాద్‌లో స్కానర్‌కు దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. సంచి మీద ‘వేట సంచి’ అని పెద్ద అక్షరాలతో రాసి, గరాజ్‌లోనే ఉంచండి.